చప్పుడు లేని బండి

మడికొండ, వరంగల్
3 ఆగస్టు 2025

బేటా సోహెల్,

అస్సలాము అలైకుమ్. ఆపరేషన్ మంచిగనే అయింది. హన్మకొండ దవాఖానల నాలుగు రోజులు ఉంచుకొని నిన్న ఇంటికి పంపిండ్రు. రెండు నెలలు బరువులు ఎత్తద్దన్నడు డాక్టరు. హెర్నియా అంటే గట్లనే ఉంటదట.

నువ్వు నాలుగుసార్లు ఫోన్ చేసినవని మీ అత్త తాహెరా ముమానీ చెప్పింది. ఫోన్ల నీ గొంతు నాకు చాటల బియ్యం చెరిగినట్టు వినపడుతది, మాటలు దొరకయి. అందుకే కాగితం పట్టిన. నేను రాసింది తాహెరా ఫోటో తీసి నీ సెల్లుకు పంపుతది. నువ్వు గూడ కాగితం మీదనే రాసి ఫోటో పంపు. సెల్లుల టైపు చేసిన చిన్న ముక్కలు నాకు మనిషి మాట్లాడినట్టు అనిపియ్యయి. తొర్రూరు బళ్లె నేర్చుకున్న తెలుగు గిన్నేండ్లకు పనికొచ్చింది.

ఇగ పని మాట. మన ఓనరు మాలిక్‌కు రేసు కార్లు తొమ్మిది ఉన్నా నా పాణమంతా ఆ ఎర్రదాని మీదనే ఉన్నది. దాని ఆయిల్ ఎప్పుడు చూసినా ఇంజన్ వేడిగ ఉండి తిరుగుతున్నప్పుడే చూడు. ఆపి చూస్తే తక్కువ చూపెడుతది, నువ్వు ఎక్కువ పోస్తవు. తిరిగొచ్చినంక వెనక మూత అర గంట తెరిచే ఉంచు. షెడ్డు ముందటి ర్యాంపు ఎక్కేటప్పుడు ముక్కు లేపే బటన్ మర్చిపోకు. లోపటి బటన్లు ఎండకు జిగటగ అయితయి, పొడిగుడ్డ తప్ప ఏది పెట్టకు.

కొత్త బండి ఈ నెలల వస్తదని మేనేజరు అన్నడు గద. కరెంటు మోటర్లు గూడ ఉంటయట. వస్తే ఎట్లున్నదో రాయి. ఇరవై రెండేండ్లల నేను లేకుంట ఆ షెడ్డుల అడుగు పెట్టే మొదటి బండి అదే.

అక్టోబరు ఆరుకు టికెట్ చేసుకుంటున్న. అందాక అన్నీ నీ చేతిలనే ఉన్నయి. ఆరేండ్ల కింద నా మాట మీద నిన్ను పిలిపిచ్చుకున్నరు. నా జాగల నువ్వు ఉన్నవంటే నాకు ఫికర్ లేదు.

నీ మామూ,
లియాఖత్ అలీ


షార్జా
22 ఆగస్టు 2025

మామూ,

వాలేకుమ్ అస్సలామ్. మీ అక్షరాలు చూసి పెద్దగున్నయని మా రూములోళ్లు నవ్విండ్రు. నా అక్షరాలు చూస్తే వాళ్లు ఏడుస్తరు. ఇంటర్ తర్వాత తెలుగు రాసుడు ఇదే మొదలు.

కొత్తది వచ్చింది. పొగరంగు. ట్రక్కు మీదికెళ్లి దించినంక స్టార్ట్ బటన్ నొక్కిన. ఏం కాలే. మల్ల నొక్కబోతుంటే కంపెనీ కుర్ర ఇంజనీరు నా చెయ్యి పట్టుకున్నడు. అది స్టార్ట్ అయ్యే ఉన్నదట. మామూ, సూది పడ్డా వినపడుతది లోపట. మన ఎర్రది లేస్తే పక్క షెడ్డోళ్లు టీ తాగుడు ఆపి బయటికొచ్చేటోళ్లు గద.

పాతదానికి పది సిలిండర్లు, టర్బో లేదు. దీనికి ఎనిమిదే, గని రెండు టర్బోలు, మూడు మోటర్లు. ముందటి చక్రాలకు రెండు, ఇంజన్ కాడ ఒకటి. బ్యాటరీ రెండు సీట్ల నడుమ పొడుగ్గ పండుకున్నది. పాతదానికంటే మూడు క్వింటాళ్ల దాక ఎక్కువ తూగుతది. రివర్సుకు ఇంజన్‌తోని పనే లేదు, మోటర్లే గుంజుకపోతయి.

ఎడారి రోడ్డు మీద మాలిక్‌ను పక్కన కూసోపెట్టుకొని రెండిటిని నడిపిన. పాతదాని ఇంజన్ నిమిషానికి ఆరు వేలు తిరిగేదాక ఓపిక పట్టాలె, ఆనక లేస్తది. కొత్తది కాలు ఆనంగనే పోతది. టర్బో ఊపిరి తీసుకునే సందు మోటర్లు నింపుతయి. బ్రేకు మొదట మెత్తగ అనిపిస్తది, ఎందుకంటే సగం పని మోటర్లే చేసి కరెంటు దాచుకుంటయి. మూలమలుపుల బరువు తెల్వకుండ ముందటి రెండు మోటర్లు దాన్ని తిప్పుతయి. నిజం చెప్పాలంటే నాకు మోజు కలిగింది. మీరేమనుకోకుండ్రి.

ఇంకో సంగతి. మాలిక్ రెండిట్ల ఒక్కటే ఉంచుకుంటడట. రెండిటి మంచీ చెడ్డా పక్కపక్కన పెట్టి కాగితం రాసియ్యమని నాకు చెప్పిండు. పాతదాని గురించి మీకంటే తెల్సినోళ్లు ఎవరున్నరు. లోపాలు గూడ దాచకుండ రాయుండ్రి.

మీ
సోహెల్


మడికొండ
28 ఆగస్టు 2025

బేటా,

మాలిక్ అడిగింది నన్నే అనుకొని రాస్తున్న. నువ్వు కలం పట్టినోనివి, చెప్పేది నేను.

లోపాలు ఉన్నయి. ఊర్ల ట్రాఫిక్‌ల అరగంట ఉంటే క్లచ్చి వేడెక్కి వాసనొస్తది. స్పీడు రెండు వందలు దాటినంక ముక్కు తేలికైతది, చేతులల్ల స్టీరింగు ఒట్టిగైనట్టుంటది. ఎగ్జాస్టు ఒకసారి పగిలింది, నేనే వెల్డింగు చేయించిన. తాగుడు గూడ ఎక్కువే. ఇవి రాయి. అయితే ఇది గూడ రాయి. పదకొండేండ్లల ఒక్కసారి గూడ దారిల ఆగలే. దానికి ఏం నొచ్చినా ముందుగాల చెప్తది. నీకు తెల్సు, నేను తొర్రూరు జిన్నింగు మిల్లుల డీజిల్ ఇంజన్ కాడ పని నేర్చుకున్న. అప్పటిసంది ఏ ఇంజనైనా నాతోని మాట్లాడినట్టే ఉంటది.

ఇంకొక మాట. ఇది నీకూ నాకూ నడుమనే ఉండాలె.

పొడుగు స్క్రూడ్రైవరు ఇంజన్‌కు ఆనిచ్చి, పిడి చెవికి పెట్టుకొని వింటం గద. రెండేండ్లసంది నేను చెవికి పెడతలేను. పెట్టినా ఏం వినపడతలేదు. ఎవ్వరు చూడనప్పుడు పిడిని పండ్లతోని పట్టుకుంటున్న. దవడల అదురు తెలుస్తది. దాన్నిబట్టే ఏ సిలిండరు కాడ తేడా ఉన్నదో పట్టుకుంటున్న. షెడ్డుల అందరం ఒర్లుకుంట మాట్లాడుతం గనుక ఎవ్వరికి అనుమానం రాలే. ఇంట్ల తాహెరా నాకు జర చెవుడు అనుకుంటది, గింత అని తెల్వదు. ఫోటో తీస్తది గని నా ఉత్తరాలు చదవదు.

ఎవ్వలికి చెప్పలేంది నీకు చెప్పిన. మనసు తేలికైంది.

ఇక్కడ వానలు గట్టిగున్నయి. మా గల్లీల ఐటీ పార్కు పిల్లలకు కిరాయికిద్దామని అందరు పై అంతస్తులు లేపుతున్నరు.

దువాలతోని,
లియాఖత్


షార్జా
14 సెప్టెంబరు 2025

మామూ,

జవాబు ఆలస్యమైంది, మాఫ్ చెయ్యుండ్రి. కంపెనీవాళ్లు వారం ట్రైనింగ్ పెట్టిండ్రు. కొత్త బండిల పెద్ద కరెంటు పారే నారింజ రంగు వైర్లు ముట్టాలంటే పరీక్ష పాసైన కార్డు ఉండాలె. ముందుగాల బ్యాటరీ ప్లగ్గు పీకాలె, ఆగాలె, మీటరు పెట్టి చూడాలె, రబ్బరు గ్లౌజులు తొడుక్కోవాలె. కార్డు లేనోళ్లు దాటద్దని షెడ్డు నేల మీద పసుపు గీత గీసిండ్రు. మీ బల్ల ఆ గీత లోపట పడ్డది. దాన్ని ప్రస్తుతానికి గోడకు జరిపినం.

మీరు తొందరపడి టికెట్ చెయ్యకుండ్రి. కుట్లు పూర్తిగ మానాలె. ఇరవై రెండేండ్లు ఎండల చేసిండ్రు, ఇంకో రెండు నెలలు ఇంట్ల కూసుంటే ఏమైతది. ముమానీ చేతి వంట తినుండ్రి.

మాలిక్ కాగితం చదివిండు. ఏమన్నడో నాకింకా పూర్తిగ తెల్వదు.

ఇక్కడ అందరు మంచిగున్నరు.

మీ
సోహెల్


మడికొండ
18 సెప్టెంబరు 2025

బేటా సోహెల్,

నీ ఉత్తరం మూడుసార్లు చదివిన. నువ్వు రాసినట్టు లేదు. పొయినసారి మూడు మోటర్ల జోరు ఉండె నీ రాతల, ఈసారి భయపడుకుంట రాసినట్టున్నది. నీ మీద ఏమన్న మాట పడ్డదా? నా బల్ల జరిపిండ్రని నువ్వు మేనేజరుతోని కొట్లాడినవు గావచ్చు. నా కోసం కొట్లాడకు. నీ కొలువు పోగొట్టుకోకు. నేనొచ్చి మాలిక్‌తోని ఎదురుంగ మాట్లాడుత. ఆయన నా మాట తీసేయడు.

కార్డు గురించి ఫికర్ పెట్టుకోకు. మా పక్కింట్ల చంద్రమౌళి సారు ఉన్నడు, ఐటీఐల ఎలక్ట్రికల్ పాఠం చెప్పి రిటైరైండు. రోజు సాయంత్రం ఆయన కాడికి పోతున్న. పలక మీద బొమ్మలు గీసి చూపెడుతుండు. మోటరే జనరేటర్ ఎట్లయితదో నిన్న అర్థమైంది. యాభై ఎనిమిదేండ్లకు పరీక్ష రాస్తవా అని తాహెరా నవ్వకుంట అడిగింది. రాస్త అన్న. ఆమె లేచి వంటింట్లకు పోయింది.

టికెట్ ఆరో తారీఖుకే ఉన్నది. మార్చను. డాక్టరు సరే అన్నడు. నీకు మామిడికాయ తొక్కు, సకినాలు కడుతున్నరు.

ధైర్యంగ ఉండు. నేనొస్తున్న.

మామూ


మడికొండ
4 అక్టోబరు 2025

సోహెల్,

మొన్న కార్గో బండి మన ఇంటి ముందట ఆగింది. పెద్ద చెక్కపెట్టె దించిండ్రు. నేనేం తెప్పియ్యలే, ఇల్లు తప్పిండ్రు అన్న. పేరు నాదే ఉన్నది.

తెరిస్తే నా పనిముట్లు. ప్రతి పానాకు నూనె రాసి, గుడ్డ చుట్టి, సైజు వరుసల పేర్చి ఉన్నయి. ఆ చుట్టుడు నీది. నీకు నేర్పింది నేనే గనుక నాకు ఎవ్వలు చెప్పే పని లేదు. పైన ఒక కవరు. నా వీసా రద్దు చేసిన కాగితం, దానికి కారణమని జతచేసిన ఇంకో కాగితం. ఇంగ్లీషుల ఉన్నయి. చంద్రమౌళి సారు చదివి, తెలుగుల రాసిచ్చిండు. రాసేటప్పుడు ఆయన తల ఎత్తలే.

రెండు బండ్ల పోలిక చాన బాగ రాసినవ్. క్లచ్చి వేడి, ముక్కు తేలికయ్యేది, ఎగ్జాస్టు పగిలింది, అన్నీ నా మాటలే. ఒక్కసారి గూడ దారిల ఆగలేదన్నది మాత్రం లేదు. ఆఖరుకు ఇట్ల ఉన్నది: పాత బండిని చూసుకునే మెకానిక్‌కు వినికిడి లేదు, రెండేండ్లుగ స్క్రూడ్రైవరును పండ్లతో పట్టుకొని పని చేస్తున్నాడు, ఈ సంగతి దాచిపెట్టాడు.

లోకంల ఈ మాట తెల్సింది ఇద్దరికే.

ఒకటి చెప్పు. కార్గో స్లిప్పు మీద తారీఖు సెప్టెంబరు పది ఉన్నది. నువ్వు నాకు ఉత్తరం రాసింది పద్నాలుగున. నా సామాను ఓడ ఎక్కిచ్చి, నాలుగు రోజులు ఆగి, ముమానీ చేతి వంట తినుండ్రి అని రాసినవ్. నేనేమో నిన్ను మేనేజరు సతాయిస్తుండని, నీ తరఫున మాట్లాడుతనని రాసిన. అది చదివి గూడ నువ్వు ఒక్క ముక్క రాయలే. పదహారు రోజులు నేను పలక ముందట కూసోని కరెంటు పాఠం నేర్చుకున్న.

బతుకమ్మ ఆడుతుంటే మా గల్లీ ఆడోళ్ల చప్పట్లు చూసుకుంట అరుగు మీద కూసున్న. పాట వినపడలే. అది నాకు బాధ కాదు, అలవాటైంది. పెట్టె తెరిచినప్పుడు కలిగిన బాధ వేరే.

నన్ను తీసేస్తరంటే నాకే చెప్పేది ఉండె. నేను ఎవ్వలి ముందట ఏడిచేటోన్ని కాదు.

లియాఖత్ అలీ


షార్జా
11 అక్టోబరు 2025

మామూ,

మీరు పేరు మొత్తం రాసి సంతకం పెట్టిండ్రు. అది చూసి రెండు రోజులు కలం పట్టలేకపోయిన.

జరిగింది జరిగినట్టు రాస్త. సెప్టెంబరు నాలుగున పొద్దుగాల కొత్త బండిని రివర్సు తీస్తున్న. మెల్లగనే. బండ్లు కడిగే బిహారు ఆయన మీ బల్ల కాడ వెనక్కి తిరిగి నిలబడి ఉండె. చెవులల్ల ఇయర్‌ఫోన్లు ఉన్నయట. కెమెరాల నాకు కనపడేసరికి బంపరు ఆయన మోకాళ్లకు తాకింది. కింద పడ్డడు. మోచెయ్యి చీరుకపోయింది, అంతే, అల్లా దయ. మన ఎర్రదైతే వంద గజాల నుంచే తప్పుకుంటుండె ఆయన.

ఆయన్ని లేపుతుంటే మీరు యాదికొచ్చిండ్రు. ఆ జాగల ఇరవై రెండేండ్లు నిలబడ్డది మీరు. ఈ బండి చప్పుడు చెయ్యదు, మీకు చప్పుడు వినపడదు. ఇయర్‌ఫోన్లు తీసేయుమని ఆయనకు చెప్పొచ్చు, మీకేం చెప్పాలె.

మేనేజరు వచ్చి, లియాఖత్ వచ్చినంక ఇట్లాంటివి జరగకుండ చూస్తడు గద అన్నడు. అప్పుడు చెప్పిన. మొత్తం చెప్పిన. కాగితం మీద పెట్టమన్నడు, పెట్టిన. ఎర్రది దారిల ఆగలేదని నేను రాసిన మామూ, మాలిక్‌కు పంపేటప్పుడు మేనేజరు దాన్ని కొట్టేసిండు. మీ పనిల ఒక్క తప్పున్నదని నేను ఎక్కడ రాయలే, ఎందుకంటే లేదు.

ఇంకోటి గూడ దాచను. మీ జాగల షెడ్డు చూసుకుంటవా అని మేనేజరు అడిగిండు. నేను వద్దనలే. మీ పాణం కోసం చెప్పిన్నా, ఆ కొలువు కోసం చెప్పిన్నా అని మీరు అడిగితే, మొదలు మీ పాణం కోసమే. తర్వాత అడిగిన దానికి సరే అన్న. రెండూ ఒక్క పొద్దుల జరిగినయి, ఇప్పుడు నేను వేరు చేస్తే మీరు నమ్మరు.

పద్నాలుగున ఉత్తరం రాసేటప్పుడు నిజం రాద్దామని మూడు కాగితాలు చింపిన. మీ మొఖం కండ్ల ముందటికొచ్చింది. పిరికితనం అనుకోండ్రి. అదే అది.

సోహెల్


షార్జా
2 నవంబరు 2025

మామూ,

మూడు వారాలైంది, జవాబు లేదు. అడిగే ముఖం లేదు గని అడుగుతున్న.

ఎర్రదాన్ని మస్కట్ ఆయన కొంటున్నడు. ఈ నెల ఇరవైకి తీసుకపోతడు. పొద్దున చల్లగున్నప్పుడు స్టార్ట్ చేస్తే ఎడమ దిక్కు వెనక టకటక అంటున్నది. ఐదు నిమిషాలకు ఆగిపోతది. కంప్యూటరు పెట్టి చూస్తే ఏ తప్పు లేదంటది. కంపెనీ ఇంజనీరు గూడ వచ్చి చూసి చేతులెత్తిండు. ఇంజన్ లోపటిదే అయితే అమ్మద్దు. మీకు ఏమన్న తెల్సా?

సోహెల్


మడికొండ
9 నవంబరు 2025

సోహెల్,

ఈ ఉత్తరం ఫోటో కాదు. వరంగల్ పెద్ద పోస్టాఫీసుకు నేనే పోయి రిజిస్టరు చేస్తున్న. ఎందుకో చెప్తా.

నీ పోయిన నెల ఉత్తరం తాహెరా చదివింది. చదివి, నా పక్కన కూసోని, నోటితోని చెప్తే నాకు అందదని కాగితం మీద రాసిచ్చింది. ఆగస్టుల నేను నీకు స్క్రూడ్రైవరు సంగతి రాసినప్పుడు ఫోటో తీసింది ఆమెనే గద. చదివిందట. ఆ రోజే నీకు ఫోన్ చేసి, ఈయన్ని మల్ల రానియ్యకు, నువ్వెట్ల చేస్తవో చెయ్యి అని ఏడిచిందట. పెట్టె ఎప్పుడొస్తదో గూడ ఆమెకు తెల్సు. నేను పలక పట్టుకొని పోతుంటే రోజు చూసుకుంట ఉన్నది.

నువ్వు ఆమె పేరు ఎత్తలే. తప్పంతా నీ మీదనే వేసుకున్నవ్. అది నాకు అర్థమైంది, ఇక్కడ రాస్తున్న గూడ. గని నా కోపం తగ్గలే. నేను బతికుండాలని మీరిద్దరు నా గురించి నెల రోజులు మాట్లాడుకున్నరు. నాతోని ఒక్కలు మాట్లాడలే. నేను రాసిన ఉత్తరాలకు జవాబులు వచ్చినయి గని, అవి నాకు రాసినయి కావు, నన్ను ఆపి ఉంచేటందుకు రాసినయి. తాహెరాతోని ఇప్పుడు అన్నం కాడ కూసుంటున్న. అంతకంటే ఎక్కువ ఇంకా చేతనైతలేదు.

ఇగ నువ్వు అడిగింది. ఇంజన్ లోపటిది కాదు, భయపడకు. ఎడమ ఎగ్జాస్టు మీద వేడి తగలకుండ రేకు ఉంటది చూడు. దాని వెనక బోల్టు లేదు. స్టీలు తీగతోని కట్టి ఉన్నది. చల్లగున్నప్పుడు తీగ వదులై రేకు కొట్టుకుంటది, వేడెక్కితే బిగుసుకొని ఆగుతది. ఆ తీగ కట్టింది నేను.

బోల్టు ఎట్ల పోయిందో గూడ విను. పోయిన ఏడాది మార్చిల బిగిస్తుంటే, బిగింపు చాలని టార్క్ పానా టక్ అన్నది నాకు వినపడలే. చేతికి గూడ తెల్వలే. ఇంకా తిప్పిన. బోల్టు తెగి, మర పాడైంది. మేనేజరుకు చెప్తే ఎందుకు తెగిందని అడుగుతడని తీగ కట్టి మూసిన. నా పనిల ఒక్క తప్పు లేదని నువ్వు రాసినవ్. ఉన్నది. అది రేకు బోల్టు గనుక సరిపోయింది. బ్రేకు బోల్టు అయితే ఏమయ్యేదో అని ఏడాదిన్నరసంది నాకు తెల్సు. అంటే నువ్వు మేనేజరుకు చెప్పింది నిజమే, నువ్వనుకున్నదానికంటే ఎక్కువ నిజం. అయినా నువ్వు నాకు చేసింది దగానే. రెండూ ఉన్నయి, ఒకదాన్ని పెట్టి ఇంకోదాన్ని కొట్టేయకు.

మర కొత్తగ కోపిచ్చి, బోల్టు వెయ్యి. మస్కట్ ఆయనకు దాచకుండ చెప్పు. తీగ కట్టింది లియాఖత్ అలీ అని నా పేరు పెట్టే చెప్పు. మేనేజరుకు గూడ చెప్పు.

మొన్న రఘునాథపల్లి కాడ సదానందం అనే రైతు పొలంల వరికోత మిషను ఆగిపోయింది. చంద్రమౌళి సారు చుట్టమట, నన్ను తీసుకపోయిండు. ఐదారుగురు చుట్టు నిలబడ్డరు. పానా తీసే ముందుగాల, నాకు చెవులు వినపడయి, ఇంజన్ తిరిగినప్పుడల్లా ఒకలు నా ఎదురుంగ నిలబడి నాకు తెలిసేటట్టు చెయ్యి లేపాలె, లేకపోతే నేను ముట్టను అని చెప్పిన. అందరి ముందట ఈ మాట అనుడు ఇదే మొదలు. సదానందం సరే అని తనే వచ్చి నా ఎదురుంగ నిలబడ్డడు. రెండు గంటలు ఎండల అట్లనే నిలబడ్డడు, ఇంజన్ తిరిగినప్పుడల్లా చెయ్యి లేపిండు. మిషను నడిచింది. ఇంటికొచ్చేటప్పుడు ఆటోల నాకు నువ్వే యాదికొచ్చినవ్. గంత చిన్న మాటే గద, మనిద్దరి నడుమ ఎందుకు రాలే అనుకున్న. నేను గూడ ముందుగాల మేనేజరుకు చెప్పలే, అది నా మీదనే ఉన్నది. కాని నిన్ను నమ్మి నీకు చెప్పిన.

ఇగ ఉత్తరాలు రాయకు. నీ రాతను నమ్మి చదవడం నాకు వస్తలేదు. ప్రతి లైను కింద ఇంకేమున్నదో అని వెతుకుతున్న. సెలవుల మీద వచ్చినప్పుడు ఇంటికి రా. నా ఎదురుంగ కూసో. సెప్టెంబరు నాలుగున మేనేజరుకు చెప్పిన మాటలన్నీ మొదటినుంచి నాకు చెప్పు. మెల్లగ చెప్పు, నీ పెదాలు చూసి తెలుసుకుంట.

లియాఖత్ అలీ